సూరత్ రేవు నుంచి గాజుతొట్టి దాకా: సీతాకోకచిలుక చేప కథ

సూరత్ అనగానే చరిత్ర విద్యార్థికి జరీ పని, వజ్రాల సాన, మక్కా యాత్రికుల ఓడలు, 1664లో శివాజీ చేసిన దాడి, ఇంగ్లీషువారి తొలి వర్తకశాల స్ఫురిస్తాయి. తెలుగు పాఠకునికి మరొకటి కూడా స్ఫురించవచ్చు. తెలంగాణ పల్లెల నుంచి మగ్గాన్ని నమ్ముకొని తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి పేటలలో స్థిరపడి, ఆ నగర జీవనంలో ఒక భాగమయ్యాయి. నగరపాలక సంస్థ నడిపే బడులలో గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమానికి కూడా చోటు దొరికింది. ఇంతటి బహుముఖమైన చరిత్ర గల నగరానికి, అరచేతిలో ఇమిడే ఒక చిన్న సముద్రపు చేపతో కూడా సంబంధం ఉందంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ చేప సీతాకోకచిలుక చేప. ఆ సంబంధం చేపల వ్యాపారానికి చెందినది కాదు. విజ్ఞానానికి, విజ్ఞానం వెంట వచ్చే బాధ్యతకు చెందినది.

పగడపు దిబ్బల మీద జీవించే మత్స్యజాతులలో సీతాకోకచిలుక చేపలది ఒక ప్రత్యేక కుటుంబం. శాస్త్రజ్ఞులు దీనిని కీటోడాంటిడే అంటారు. వెంట్రుకల వంటి పళ్లు గలది అని ఆ గ్రీకు పదానికి అర్థం. ఈ కుటుంబంలో సుమారు 130 జాతులున్నాయి. పళ్లెంలా పలుచగా, గుండ్రంగా ఉండే దేహం, ముందుకు సాగిన సన్నని మూతి, పసుపు, తెలుపు, నలుపు వన్నెల చారలు వీటి సామాన్య లక్షణాలు. చాలా జాతులలో అసలు కన్నును ఒక నల్లని పట్టీ కప్పివేస్తుంది. కొన్ని జాతులలో తోకకు దగ్గరగా కన్నును పోలిన నల్లని చుక్క ఉంటుంది. వేటాడ వచ్చిన పెద్ద చేప తల ఎటో, తోక ఎటో పోల్చుకోలేక తికమకపడడానికి ఈ అలంకారం తోడ్పడుతుందని పండితుల అభిప్రాయం. పలు జాతులు జంటలు జంటలుగా, సంవత్సరాల తరబడి ఒకే తావును కాపాడుకుంటూ తిరుగుతాయి. ఇంతటి అందం, ఇంతటి దాంపత్యం గల ప్రాణిని చూసిన మనిషికి దానిని తన ఇంటికి తెచ్చుకోవాలన్న కోరిక పుట్టడంలో వింత లేదు. వింతైన ప్రాణులపై ఆసక్తి పశ్చిమ తీరపు రేవులకు కొత్తది కూడా కాదు. 1612లో జహంగీర్ చక్రవర్తి ఆజ్ఞపై ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి అపూర్వమైన పక్షులను, జంతువులను సేకరించి ఆస్థానానికి తెచ్చాడు. వాటిలోని సీమకోడిని చిత్రకారుడు మన్సూర్ బొమ్మగా నిలిపాడు.

ఏకాకి యాత్రికుడు

1764 వసంత కాలంలో కార్స్టెన్ నీబూర్ అనే ముప్పై ఒక్క ఏళ్ల యువకుడు బొంబాయి నుంచి సూరత్‌కు వచ్చాడు. వృత్తిచేత అతడు భూమి కొలతల నిపుణుడు. డెన్మార్క్ రాజు అయిదవ ఫ్రెడరిక్ అరేబియా దేశ పరిశోధనకై 1761లో పంపిన బృందంలో ఒకడు. ఆ బృందంలో ఆరుగురు ఉండేవారు. భాషాశాస్త్రజ్ఞుడు ఫాన్ హావెన్ 1763 మే నెలలో యెమెన్ దేశపు మొఖా రేవులో మరణించాడు. ప్రకృతి శాస్త్రజ్ఞుడు పీటర్ ఫోర్‌స్కాల్ ఆ జులై నెలలో యరీం అనే కొండ ఊరిలో జ్వరంతో కన్నుమూశాడు. చిత్రకారుడు బౌరెన్‌ఫైండ్, సేవకుడు బెర్గ్రెన్ బొంబాయికి వచ్చే ఓడలోనే పోయారు. వైద్యుడు క్రామర్ 1764 ఫిబ్రవరిలో బొంబాయిలో మరణించాడు. మిగిలినవాడు నీబూర్ ఒక్కడే. తోటివారందరినీ పోగొట్టుకొన్న ఆ మనిషి సూరత్ వీధులలో తిరిగి, కొలతలు వేసి, నగరాన్ని గురించి వివరంగా రాసుకున్నాడు.

అతనికి సంక్రమించిన వారసత్వం మరొకటి ఉంది. ఫోర్‌స్కాల్ ఎర్రసముద్ర తీరం వెంట సేకరించిన మొక్కలను, జంతువులను గురించి రాసి ఉంచిన చేతిప్రతులను లోకానికి అందించే బాధ్యత అతనిపై పడింది. ఫోర్‌స్కాల్ సామాన్యుడు కాడు. వృక్ష జంతు జాలానికి రెండు మాటల నామకరణ పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్‌కు ప్రియశిష్యుడు. లిన్నేయస్ 1758లో కీటోడాన్ అనే ప్రజాతిని ఏర్పరిస్తే, శిష్యుడు ఎర్రసముద్రంలో ఆ ప్రజాతికి కొత్త సభ్యులను చూపించాడు. నీబూర్ స్వదేశం చేరి 1775లో కోపెన్‌హాగన్‌లో ప్రచురించిన ఫోర్‌స్కాల్ గ్రంథంలో కీటోడాన్ ఆరిగా అన్న పేరు తొలిసారిగా అచ్చయింది. ఆరిగా అంటే లాటిన్‌లో సారథి అని అర్థం. ఈ చేప వెన్నురెక్క చివర సన్నని తంతువు ఒకటి చెర్నకోలలా వెనుకకు సాగి ఉంటుంది. అందుకు ఈ పేరు తగినట్లే ఉంది. నేటికీ ప్రపంచమంతటా ఆక్వేరియం ప్రియులు అత్యధికంగా పెంచే సీతాకోకచిలుక చేపలలో ఇది ఒకటి.

ఫోర్‌స్కాల్ పద్ధతి గమనార్హమైనది. చేపను నిలువునా చీల్చి, ఒక పక్క చర్మాన్ని ఎండబెట్టి, మొక్కల నమూనాను అంటించినట్లే కాగితంపై అంటించేవాడు. ఆ మత్స్యపత్రాలు నేటికీ కోపెన్‌హాగన్‌లో భద్రంగా ఉన్నాయి. అంతకన్న ముఖ్యమైనది, జాలరులు పలికే అరబ్బీ పేర్లను అతడు తృణీకరించలేదు. పలుచోట్ల వాటినే శాస్త్రనామాలుగా నిలిపాడు. నాడు కీటోడాన్ ప్రజాతిలో చేర్చిన ఒక చేపకు అతడు పెట్టిన అస్ఫూర్ అనే పేరు పిట్టకు అరబ్బీలో వాడే మాటే. యూరప్ పండితుని పుస్తకంలో ఎర్రసముద్రపు పల్లెకారుని మాట అలా శాశ్వతమైంది. ఆ పుస్తకాన్ని లోకానికి అందించిన చేతులు, అంతకు పదకొండేళ్ల ముందు సూరత్‌లో కాగితాలపై కొలతలు రాసుకున్న చేతులే.

విశాఖ తీరపు సాక్ష్యం

తూర్పు తీరంలో ఇటువంటి కృషే మన తెలుగునాట జరిగింది. స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్, విశాఖపట్నంలో కంపెనీ అధికారిగా ఉన్న తమ్ముడు క్లాడ్ రస్సెల్ వెంట 1781లో భారతదేశానికి వచ్చాడు. 1785లో కోనిగ్ మరణించిన తరువాత కర్ణాటక ప్రాంతానికి కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. రక్తపింజర పాముకు రస్సెల్ పేరు పెట్టడానికి కారణమైన పరిశోధన ఆయనదే. ఆయన స్వదేశం చేరిన తరువాత, 1803లో, విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, చిత్రాలు గల గ్రంథం లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువడింది. చిత్రాలు వేసినవాడు ఈ దేశపు కళాకారుడే. కాని అతని పేరు మనకు దక్కలేదు.

రస్సెల్ తన చేపలలో చాలావాటికి లాటిన్ పేర్లు పెట్టే ప్రయత్నం చేయలేదు. విశాఖ రేవులో పల్లెకారులు ఏ పేరు పలికితే ఆ పేరునే తన చెవికి వినిపించిన రీతిలో ఇంగ్లీషు లిపిలో రాసుకున్నాడు. అటువంటి వాటిలో ఒకటి ఆయన గ్రంథంలో పైనా అన్న ధ్వనితో కనిపిస్తుంది. ఆ చిత్రాన్ని, వర్ణనను ఆధారం చేసుకొని ఫ్రాన్స్ దేశపు మహాశాస్త్రజ్ఞుడు క్యువియే 1829లో కీటోడాన్ డెకుస్సేటస్ అనే జాతిని స్థిరపరచాడు. అడ్డంగా ఒకదానినొకటి ఖండించుకొనే గీతలు గలది అని దీని అర్థం. ఈ చేప దేహంపై గీతలు అలాగే ఉంటాయి. అంటే ఒక సీతాకోకచిలుక చేప శాస్త్రలోకంలో పుట్టిన ఊరు మన విశాఖపట్నం. ఆ జననానికి సాక్షులు పేరు తెలియని ఒక చిత్రకారుడు, పేరు చెప్పిన ఒక జాలరి. ఆ తరువాత ఫ్రాన్సిస్ డే 1875-78 మధ్య ప్రచురించిన భారతదేశపు చేపల మహాగ్రంథంలో ఈ జ్ఞానమంతా ఒకచోట చేరింది.

ఇక్కడ ఒక విషయాన్ని మరువరాదు. నీబూర్ కాలం నుంచి డే కాలం దాకా శాస్త్రజ్ఞుడు చూసిన సీతాకోకచిలుక చేప చచ్చిన చేప. వలలో నుంచి తీసిన కొద్ది గడియలకే దాని రంగు మాయమవుతుంది. అది ఎలా ఈదుతుంది, ఏమి తింటుంది, రాత్రి ఎక్కడ నిద్రిస్తుంది అన్న ప్రశ్నలకు కాగితంపై అంటించిన చర్మం సమాధానం చెప్పలేదు. ఆ ప్రశ్నలకు సమాధానం కోరినవారికి గాజుతొట్టి అవసరమైంది.

గాజుతొట్టి పుట్టుక

జలచరాలను గాజు పెట్టెలో బతికించి పరిశీలించే పద్ధతిని 1832 ప్రాంతంలో సిసిలీ ద్వీపంలో జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి మహిళ ప్రారంభించింది. 1850లో లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్, నీటి మొక్కలు, నత్తలు, చేపలు ఒకదానికొకటి తోడ్పడుతూ ఒకే తొట్టిలో ఎలా మనగలవో వివరించాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో మత్స్యగృహం తెరచుకుంది. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన గ్రంథంతో ఆక్వేరియం అన్న మాట లోకవ్యవహారంలో స్థిరపడింది. సముద్రానికి దూరంగా ఉన్నవారికై లవణాలను కలిపి కృత్రిమ సముద్రజలాన్ని తయారుచేసే సూత్రాన్ని కూడా ఆయన ప్రకటించాడు.

భారతదేశంలో ఈ వేడుకను సామాన్య ప్రజలకు తొలుత అందించిన నగరం మద్రాసు. మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్స్టన్ పూనికతో మెరీనా తీరంలో నిర్మించిన ఆక్వేరియం 1909లో తెరచుకుంది. తెలుగు జిల్లాలన్నీ మద్రాసు రాజధానిలో భాగమైన ఆ రోజులలో, పట్నం చూడబోయినవారికి అది ఒక చూడదగిన తావు. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1942లో, బాంబుల భయం వల్ల దానిని మూసివేశారు. మళ్లీ తెరవలేదు. 1951లో బొంబాయిలో తారాపూర్‌వాలా ఆక్వేరియం ప్రారంభమై పశ్చిమ తీరానికి ఆ లోటు తీర్చింది. సూరత్ నగరపాలక సంస్థ 2014లో పాల్ ప్రాంతంలో జగదీశ్‌చంద్ర బోస్ పేరిట ఆక్వేరియం నెలకొల్పింది. మంచినీటి చేపలకు, ఉప్పుకయ్య నీటి చేపలకు, సముద్రపు చేపలకు వేర్వేరుగా అక్కడ యాభై దాకా తొట్లున్నాయి. మొక్కకూ స్పందన ఉందని నిరూపించడానికి జీవితాన్ని ధారపోసిన శాస్త్రజ్ఞుని పేరు ఆ భవనానికి పెట్టడం అర్థవంతమైనది.

సూరత్‌లో సముద్రాన్ని నిలపడం

ప్రదర్శనశాలలో చూసినదానిని ఇంట్లో నిలపాలనుకోవడం సహజం. మంచినీటి చేపల తొట్టి మన ఇళ్లకు ఎప్పుడో వచ్చింది. సముద్రజలపు తొట్టి మాత్రం ప్రపంచమంతటా రెండవ ప్రపంచ యుద్ధానంతర కాలపు సంగతే. 1959లో అమెరికాలో రాబర్ట్ స్ట్రాన్ ఇంట్లో ఉప్పునీటి ఆక్వేరియం గురించి ప్రత్యేక గ్రంథం రాశాడు. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, జీవరాశి అంటిన పగడపు రాళ్లనే వడపోత యంత్రాలుగా ఉపయోగించే పద్ధతిని వివరించాడు. ఆ దశకంలోనే కృత్రిమ సముద్రపు ఉప్పు పొట్లాలలో అమ్మకానికి వచ్చింది. విమానయానం, ప్రాణవాయువు నింపిన పాలిథిన్ సంచి తోడై పగడపు దిబ్బల చేప రెండు రోజులలో ప్రపంచంలో ఏ మూలకైనా చేరగల కాలం వచ్చింది.

సూరత్ వాసికి ఒక చిత్రమైన పరిస్థితి ఎదురవుతుంది. ఊరు సముద్రానికి కూతవేటు దూరంలోనే ఉన్నా, ఆ నీరు ఈ చేపకు పనికిరాదు. తాపీ నది తెచ్చిపోసే మంచినీరు, ఖంభాత్ సింధుశాఖలో కొన్నిచోట్ల పది మీటర్లకు మించి ఎగసిపడే ఆటుపోట్లు, వాటితో నిత్యం కలగలిసే ఒండ్రుమట్టి ఆ సముద్రాన్ని బురదవన్నెగా మారుస్తాయి. పెద్ద ఓడలు నదిలోకి రాలేక సువాలి వద్ద లంగరు వేసిన చరిత్రకు కూడా ఈ ఒండ్రే కారణం. సూర్యకాంతి, నిర్మల జలం కోరే పగడాలు అక్కడ పెరగవు. గుజరాత్‌లో పగడపు దిబ్బలున్నవి కచ్ సింధుశాఖలో, జాంనగర్ సమీపాన. అందుచేత సూరత్ ఇంటిలో సీతాకోకచిలుక చేపను పెంచదలచినవాడు సముద్రతీర నగరంలో ఉంటూనే సముద్రాన్ని పొట్లం ఉప్పుతో తయారు చేసుకోవాలి.

ఆ తయారీకి తగిన శాస్త్రం ఉంది. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణాలు ఉండాలి. ఉష్ణోగ్రత 24-27 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య నిలవాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే సూరత్‌లో ఇందుకు నీటిని చల్లబరిచే యంత్రం కావాలి. కరెంటు పోయిన కొన్ని గంటలలో మొత్తం వ్యవస్థ కుప్పకూలవచ్చు. నీరు ఆవిరైనప్పుడు ఉప్పు ఆవిరి కాదు గనుక, తగ్గిన మేరకు మంచినీరే పోయాలి. ఉప్పునీరు పోస్తే లవణాల సాంద్రత పెరిగిపోతుంది. ఎదిగిన సీతాకోకచిలుక చేపకు కనీసం నాలుగు వందల లీటర్ల తొట్టి కావాలని అనుభవజ్ఞుల మాట.

కంటికి కనిపించని పని ఇంతకన్న ముఖ్యమైనది. చేప విసర్జించే అమ్మోనియా విషం. ఒక రకం సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా మారుస్తాయి, అదీ విషమే. మరో రకం దానిని నైట్రేట్‌గా మారుస్తాయి. అది కొంత మేరకు సహ్యం. ఈ రెండు రకాల సూక్ష్మజీవులూ రాళ్లమీద, ఇసుకలో తగినంతగా వృద్ధి చెందడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు తొట్టి ఖాళీగా, చేప లేకుండా ఎదురుచూడాలి. తొట్టి కొన్ననాడే చేపను కూడా తెచ్చుకొనే ఆత్రం ఎన్నో చేపల ప్రాణాలు తీసింది. ఓర్పు గలవాడికే సముద్రం ఇంట్లో నిలుస్తుంది.

ఆకలి ప్రశ్న

నీరు సమకూరిన తరువాత అసలు ప్రశ్న మొదలవుతుంది. ఈ చేప ఏమి తింటుంది? పాలిథిన్ సంచిలో ఇంటికి చేరిన సీతాకోకచిలుక చేప మొదటి రెండు రోజులు ఏమీ ముట్టుకోదు. యజమాని బెదురు తీరలేదనుకుంటాడు. వారం గడుస్తుంది. కళ్ల ముందు తేలే మేత మధ్య నుంచి అది అటూ ఇటూ తిరుగుతూ రాళ్లను మూతితో తడుముతూనే ఉంటుంది. మూడవ వారానికి దాని నుదుటికి వెనుక, వెన్ను పొడవునా కండ కరిగి లోపలికి కుంగుతుంది. నీరు స్వచ్ఛంగా ఉంటుంది, మేత పుష్కలంగా ఉంటుంది. చేప ఆకలితో చనిపోతుంది.

కారణం దాని పుట్టుకలోనే ఉంది. సీతాకోకచిలుక చేపలలో చాలా జాతులు సజీవ పగడాల పాలిప్‌లను కొరికి తిని బతుకుతాయి. కీటోడాన్ ట్రైఫాసియాలిస్ వంటిది దాదాపుగా ఆక్రోపోరా అనే ఒకే ప్రజాతి పగడాలపై ఆధారపడుతుంది. ఆ పగడం లేనిచోట దానికి అన్నం లేదు. తొట్టిలో పగడాలు పెంచే అభిరుచి గలవాడు ఈ చేపను పెట్టలేడు, పగడాలను తినివేస్తుంది గనుక. పగడాలు లేనివాడు పెంచలేడు, చేపకు తిండి ఉండదు గనుక. మన దేశంలో ఈ చిక్కు మరింత బిగుసుకుంది. 2001లో పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఇచ్చిన రక్షణే పగడానికీ లభించింది. కనుక పగడాలు తిని బతికే చేపను ఇంటిలో నిలపడానికి సక్రమమైన మార్గమే లేదు.

అయితే అన్ని జాతులదీ ఒకే దారి కాదు. ఫోర్‌స్కాల్ పేరు పెట్టిన ఆరిగా, లూనులా, పతాకం వంటి పొడుగు రెక్క గల హెనియోకస్ పలు రకాల ఆహారం స్వీకరిస్తాయి. చిన్న రొయ్యజాతి ప్రాణులు, సన్నగా తరిగిన గుల్లమాంసం, నాచు కలిసిన మేత వీటికి అలవాటు చేయవచ్చు. ముందుగా మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి, రోగం లేదని నిర్ధారించుకొని, రోజుకు పలుమార్లు కొద్దికొద్దిగా మేపితే ఇవి సంవత్సరాల తరబడి జీవిస్తాయి. కొనేముందు అంగడిలోనే చేప మేత తింటున్నదో లేదో చూడమని అనుభవజ్ఞులు చెప్పడం ఇందుకే. జాతి తెలియకుండా వన్నె చూసి కొనడం, ఆ చేపకు మరణశిక్ష రాయడంతో సమానం.

మరొక చిక్కు కూడా ఉంది. ఈ చేపల పిల్లలు పుట్టిన తరువాత వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి, ఎముకపలకల కవచం ధరించి నడిసముద్రంలో తేలియాడుతూ గడుపుతాయి. ఈ దశను చూసి పందొమ్మిదవ శతాబ్దిలో గుంథర్ ఇది వేరే ప్రజాతి అని భ్రమించి థోలిక్తిస్ అని పేరు కూడా పెట్టాడు. ఇంతటి సుదీర్ఘమైన శైశవాన్ని తొట్టిలో కాపాడడం అతి కష్టం. ఒకటి రెండు జాతులను ఇటీవల పరిశోధనాలయాలలో పెంచగలిగినా, అంగడిలో కనిపించే సీతాకోకచిలుక చేప దాదాపు ప్రతిదీ పగడపు దిబ్బ నుంచి పట్టితెచ్చినదే. కొన్ని దేశాలలో చేపలను మత్తెక్కించి పట్టడానికి దిబ్బలపై సయనైడ్ చల్లే దురాచారం 1960ల నుంచి సాగింది. ఒక్క చేపను పట్టే ప్రయత్నంలో దాని అన్నమైన పగడాలు కూడా నశించాయి.

పాంజరాపోళ్ నేర్పిన పాఠం

ఈ దశలో మళ్లీ సూరత్ చరిత్ర మనకు అవసరమవుతుంది. 1689లో సూరత్‌ను దర్శించిన ఇంగ్లీషు మతాచార్యుడు జాన్ ఓవింగ్టన్, 1696లో ప్రచురించిన తన గ్రంథంలో అక్కడి వర్తకులు నడిపే పశువైద్యశాలను వర్ణించాడు. ఆవులు, గుర్రాలు, మేకలు, కుక్కలతో పాటు నల్లులకు కూడా అక్కడ ఆశ్రయం ఉండేది. వాటి ఆకలి తీర్చడానికి ఒక పేదవాడిని కూలికి కుదుర్చుకొని రాత్రంతా మంచం మీద పడుకోబెట్టేవారని ఆయన రాశాడు. 1772లో చూసిన జేమ్స్ ఫోర్బ్స్, డెబ్బై అయిదు సంవత్సరాలుగా అక్కడే జీవిస్తున్న ఒక వృద్ధ తాబేలును గురించి చెప్పాడు. విదేశీ యాత్రికులకు ఇది వినోదంగా తోచింది. నేటి పాఠకుడు కూడా నల్లుల ముచ్చట చదివి నవ్వుకోవచ్చు. ఆ మంచం మీద పడుకున్న పేదవాని నెత్తురుకు కట్టిన వెలను గురించి ఆలోచించినప్పుడు ఆ నవ్వు నిలవదు కూడా. అయినా ఆ వ్యవస్థలోని ఒక సూత్రాన్ని గుర్తించాలి. ఒక ప్రాణిని మన గోడల మధ్యకు తెచ్చుకొన్నప్పుడు, దాని ఆహారం ఏమిటన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవారం మనమే. మనకు నచ్చిన మేత కాదు, దాని జాతికి తగిన మేత. సూరత్ మహాజనులు నల్లి విషయంలో అడిగిన ఈ ప్రశ్నను, అందమైన చేప విషయంలో మనం అడగకపోవడం విచారకరం.

ప్రభుత్వం కూడా ఈ ప్రశ్నను ఎదుర్కొంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2017లో ఆక్వేరియాలకు, అలంకార చేపల అంగళ్లకు నియమావళిని ప్రకటించింది. గాజు బుడ్లలో చేపలను ప్రదర్శించరాదని, 158 జాతుల జలచరాలను ప్రదర్శనకు, అమ్మకానికి ఉంచరాదని అందులో నిర్దేశించారు. ఆ పట్టికలో సీతాకోకచిలుక చేపలకు కూడా స్థానం లభించింది. అలంకార చేపల పెంపకంపై ఆధారపడిన కుటుంబాల నుంచి, వర్తకుల నుంచి అభ్యంతరాలు రావడంతో ఆ నియమావళిని తరువాత ఉపసంహరించారు. అభ్యంతరాలలో న్యాయం లేకపోలేదు. చెరువులో పుట్టి చెరువులో పెరిగే మంచినీటి చేపను, దిబ్బ నుంచి పట్టితెచ్చిన సముద్రపు చేపను ఒకే గాటన కట్టడం సరికాదు. అయినా నియమావళి తొలగినంత మాత్రాన అది లేవనెత్తిన ప్రశ్న తొలగదు. చట్టం చెప్పనిచోట వివేకం చెప్పాలి.

ఆ వివేకానికి తోడ్పడే మార్గాలు లేకపోలేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు క్లౌన్ చేపలను పొదిగించి పెంచే పద్ధతిని సాధించి శిక్షణ ఇస్తూ వచ్చారు. తొట్టిలోనే పుట్టిన ఆ చేపకు దిబ్బ స్మృతి లేదు, మేత బెంగ లేదు. ఇంట్లో సముద్రపు తొట్టి నిలపాలనుకొనేవారికి అది మేలైన ప్రారంభం. సీతాకోకచిలుక చేపనే చూడాలనుకొనేవారు దాని ఇంటికి వెళ్లడం ఉత్తమం. లక్షదీవులలో, అండమాన్ దీవులలో, మన్నారు సింధుశాఖలో అవి తమ నెలవులలోనే కనిపిస్తాయి. గుజరాత్ ప్రజలకు ఇంకా దగ్గరలో, 1982లో ఏర్పడిన దేశపు తొలి సముద్ర జాతీయ ఉద్యానవనం కచ్ సింధుశాఖలో ఉంది. ఆటు సమయంలో నీరు వెనుకకు తీసినప్పుడు నరారా వద్ద మోకాలిలోతు నీటిలో నడుస్తూ పగడాలను చూడవచ్చు.

ఆ దిబ్బలు కూడా నేడు క్షేమంగా లేవు. 1998లో హిందూ మహాసముద్రం వేడెక్కినప్పుడు లక్షదీవులతో సహా అనేక ప్రాంతాలలో పగడాలు విస్తృతంగా తెల్లబారి మరణించాయి. ఆ తరువాత 2010లో, 2016లో కూడా ఇదే విపత్తు సంభవించింది. పగడం తగ్గినచోట దానిని తిని బతికే సీతాకోకచిలుక చేపలూ తగ్గుతాయి. అందుకే దిబ్బ ఆరోగ్యాన్ని అంచనా వేసే శాస్త్రజ్ఞులు ఈ చేపల లెక్క కూడా తీస్తారు. తొట్టిలో మేత ముట్టక చనిపోయే చేప, వేడెక్కిన సముద్రంలో పగడం కానరాక తగ్గిపోయే చేప చెప్పేది ఒకే మాట. దాని బతుకును దాని దిబ్బ నుంచి విడదీయలేము.

ఆరుగురిలో అయిదుగురిని పోగొట్టుకొని నీబూర్ యూరప్‌కు చేర్చిన కాగితాలలో ఒక చేప పేరు ఉంది. విశాఖ రేవులో ఒక పల్లెకారుడు పలికిన మాటలో మరొక చేప పేరు ఉంది. ఆ పేర్లను నిలపడానికి మనుషులు ప్రాణాలు ఒడ్డారు, శ్రమను ధారపోశారు. పేరు తెలుసుకున్న తరువాత ఆకలి తెలుసుకోవడం మిగిలింది. లింబాయత్ నుంచి పాల్ దాకా బస్సులో వెళ్లి, జగదీశ్‌చంద్ర బోస్ ఆక్వేరియంలో గాజుకు ముక్కు ఆనించి నిలబడే తెలుగు నేతపని వారి బిడ్డ అడిగే మొదటి ప్రశ్న ఈ చేప పేరేమిటి అన్నదే అయి ఉంటుంది. రెండవ ప్రశ్న ఇది ఏం తింటుంది అన్నది కావాలి. ఆ ప్రశ్నకు నిజమైన సమాధానం చెప్పగలిగినప్పుడే గాజుతొట్టి వినోదశాల స్థాయిని దాటి విద్యాశాల అవుతుంది.